కడపటి వరుసలో ఎవరు కూర్చుందురు?



2024వ సంవత్సరము వేసవిలో ఒక ఆదివారము సాయంకాలమున మా సంఘపు పెద్దలలో ఒకాయన నాలుగు కాగితములు చేతపట్టుకొని మా యింటికి వచ్చెను. ఆయన కుమారుడు అమెరికా దేశములోని టెక్సాసు రాష్ట్రమందు, డాలసు పట్టణ ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. అతనికి భార్యయు ముగ్గురు పిల్లలును ఉన్నారు. తల్లిదండ్రులను ఆరు నెలలపాటు తన యొద్ద ఉంచుకొనవలెనని అతని కోరిక. అప్పుడు ఇంటిలో ఏడుగురగుదురు గనుక ఉన్న కారు చాలదనియు, ఏడుగురు కూర్చుండదగిన పెద్ద విద్యుత్తు వాహనమొకటి కొనదలచితిననియు తెలిపి, దాని వివరముల కాగితమును తండ్రికి ఫోనులో పంపెను. తండ్రి దానిని నెట్ సెంటరులో ప్రింటు తీయించి నా యొద్దకు తెచ్చెను.

"వందనాలు అయ్యగారూ. మావాడు నన్ను అభిప్రాయం చెప్పమంటున్నాడు. ఇందులో చూస్తే అన్నీ అంకెలే. ఏడో తరగతి చదివినవాణ్ని, నేనేం చెప్పేది? మీరు చదివి బండి మంచిదో కాదో చెప్పండి" అనెను.

నేను మోటారు సైకిలు నడుపువాడనే గాని కార్ల సంగతి బాగుగా ఎరిగినవాడను కాను. అయినను ఆయన లేచిపోలేదు. ఇద్దరము అరుగు మీద కూర్చుండి ఆ కాగితములను ఒక్కొక్క పంక్తిగా చదివితిమి. ఆ సాయంకాలము మాకు ఎదురైన ప్రశ్న కార్లకు మాత్రమే సంబంధించినది కాదని తోచి దీనిని వ్రాయుచున్నాను. అంకెలను చూచి ఒక వస్తువును మంచిదని చెప్పవచ్చునా? చెప్పరాదనిన యెడల ఆ అంకెలెందుకు?

ఆ వాహనము పేరు కియా ఇ.వి.9. మన పెనుకొండ యొద్ద 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కొరియా కంపెనీదే యిది. ఈ వాహనమును 2023లో లోకమునకు చూపించిరి. 2024లో దానికి ఆ సంవత్సరపు ప్రపంచ ఉత్తమ కారు అను బహుమానము వచ్చినది. ఆ యేడు అక్టోబరులో మన దేశమునకు కూడ దిగుమతి బండిగా వచ్చినది. అప్పటి ధర రమారమి 1 కోటి 30 లక్షల రూపాయలు. మన గ్రామములలో ఎవరికిని దాని అవసరము రాదు. కాని డాలసులోనున్న ఆ కుమారునికి అది అప్పుచేసి కొనదగినంత దగ్గరలో ఉన్నది. చిక్కంతయు అక్కడనే.

కాగితములోని సంగతులన్నియు ఒక జాతివి కావని మొదటి అరగంటలోనే మాకు తెలిసినది. వాటిలో కొన్ని కొలతలు, కొన్ని పరీక్షా ఫలితములు, కొన్ని వాగ్దానములు. ఈ మూడింటిని వేరుచేయక చదువువాడు తప్పక మోసపోవును.

మొదట కొలతలు. వాహనము పొడవు రమారమి 5010 మిల్లీమీటర్లు, అనగా పదహారున్నర అడుగులు దాదాపుగా. ముందు చక్రమునకు వెనుక చక్రమునకు మధ్య 3100 మిల్లీమీటర్లు. బరువు రెండున్నర టన్నుల ప్రాంతము. టేపు పట్టి చూచినను, కాటా మీద నిలిపినను ఇవి మారవు. పెద్ద బ్యాటరీ 99.8 కిలోవాట్-అవర్లు అని యున్నది. ఆ మాట చూచి పెద్దాయన భయపడెను. మన కరెంటు బిల్లులో యూనిట్ అని వ్రాయునదే కిలోవాట్-అవర్. కాబట్టి ఆ బ్యాటరీలో పట్టునది రమారమి నూరు యూనిట్లు. మన బోరుబావి మీది అయిదు హెచ్.పి. మోటారు గంటకు నాలుగు యూనిట్లకు కొంచెము పైగా లాగును. ఈ బ్యాటరీలోని కరెంటుతో ఆ మోటారు దాదాపు ఒక పగలు ఒక రాత్రి నడుచును. ఇది చెరువులో నిలిచిన నీరని తలంచుడి. వట్టి కిలోవాట్ అని వ్రాసినది తూము లేక కాలువ. ఒక్కసారి ఎంత నీరు పారునో అది చెప్పును. 350 కిలోవాట్ల పెద్ద చార్జింగు స్థలములో నూటికి పది వంతులున్న బ్యాటరీ 24 నిమిషములలో ఎనబది వంతులగునని కాగితము చెప్పుచున్నది. ఇంటిలో 240 వోల్టుల ప్రత్యేకపు చార్జరు పెట్టించుకొనిన యెడల ఒక రాత్రి పట్టును. అమెరికా ఇండ్లలోని 120 వోల్టుల మామూలు ప్లగ్గునకు తగిలించినచో దాదాపు మూడు దినములు పట్టును. చెరువు ఒక్కటే, నింపు కాలువ వేరు. కనుక 24 నిమిషములు అను మాట నిజమే గాని, అది వాహనమును గూర్చి ఎంత చెప్పుచున్నదో ఆ ఊరిలోని చార్జింగు స్థలమును గూర్చి కూడ అంతే చెప్పుచున్నది.

కొలతలు సహితము కొలిచెడి పద్ధతిని బట్టి మారును. కడపటి సీట్ల వెనుక సామాను పెట్టు చోటు అమెరికా కాగితములో 20.2 ఘనపు అడుగులు, అనగా రమారమి 572 లీటర్లు. యూరపు కాగితములో అదే చోటు 333 లీటర్లు. బండి పెరుగలేదు, తరుగలేదు. కొలిచిన కుంచము వేరు.

రెండవది పరీక్షా ఫలితములు. ఒకసారి పూర్తిగా చార్జి చేసిన యెడల ఎంత దూరము పోవును? ఒక మోటారు మాత్రము ఉండి వెనుక చక్రములను త్రిప్పు పెద్ద బ్యాటరీ రకమునకు యూరపు లెక్క 563 కిలోమీటర్లు. ఆ రకమునకే అమెరికా ప్రభుత్వపు లెక్క 304 మైళ్లు, అనగా 489 కిలోమీటర్లు. డెబ్బదికి పైగా కిలోమీటర్లు తేడా! పెద్దాయన కన్నులెఱ్ఱజేసి "ఇందులో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారండీ" అనెను.

ఎవరును అబద్ధమాడలేదు. యూరపు పరీక్ష ప్రయోగశాలలో 23 డిగ్రీల వెచ్చదనమున జరుగును. అందులో సగటు వేగము గంటకు 46 కిలోమీటర్ల ప్రాంతము. అమెరికా వారు పట్టణపు నడకను పెద్ద రోడ్డు నడకను కలిపి, వచ్చిన దానిలో కొంత కోతపెట్టి చెప్పుదురు. పెట్రోలు బండి పట్టణములో ఎక్కువ త్రాగును. విద్యుత్తు బండి పెద్ద రోడ్డు మీద వేగముగా పోవునప్పుడు ఎక్కువ త్రాగును. వేగము రెట్టింపైన యెడల గాలి అడ్డుపడు బలము నాలుగింతలగును. చలికాలమున బ్యాటరీ మందగించును. లోపల వేడికి కూడ దానిలోని కరెంటే ఖర్చగును. అడిగిన ప్రశ్నకు సాక్షి సరిగానే జవాబిచ్చెను. మనము ఆ ప్రశ్న యేదో చూడక జవాబును మాత్రము పట్టుకొనుచున్నాము.

ఒకే సంచిలో హెచ్చుతగ్గులుగల రెండు తూనికరాళ్లు ఉంచుకొనరాదని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. అది అమ్మువానికి చెప్పిన మాట అని మనము సాధారణముగా అనుకొందుము. కాని ఆ సాయంకాలము నాకు వేరొక సంగతి తోచినది. కొనువాని సంచిలో కూడ రెండు రాళ్లుండును. తనకు ఇష్టమైన దానిని పెద్ద రాయితోను, తనకు అవసరమైన దానిని చిన్న రాయితోను అతడు తూచును. ఆ మోసమును పట్టుకొను తనిఖీదారుడు ఎక్కడను లేడు.

కుమారుని సంగతి చూడుడి. అతడు కాగితములో గుండ్రముగా గీతగీసి పంపినది అన్నింటికంటె ప్రియమైన రకము. దానికి రెండు మోటార్లు. నిలిచియున్న చోటునుండి గంటకు 60 మైళ్ల వేగమును సుమారు 5 సెకండ్లలో అందుకొనును. అమెరికాలో విడుదలైనప్పుడు దాని ధర 73,900 డాలర్లు. ఒక మోటారు గల పెద్ద బ్యాటరీ రకము ధర 59,200 డాలర్లు. తేడా 14,700 డాలర్లు, అనగా ఆనాటి లెక్కన పన్నెండు లక్షల రూపాయలకు పైమాట. విచిత్రమేమనగా ఎక్కువ ధరగల బండి పోవు దూరము 270 మైళ్లే. తక్కువ ధరగలది 304 మైళ్లు పోవును. బ్యాటరీ రెండింటికిని ఒక్కటే. బరువు, రెండవ మోటారు, పెద్ద చక్రములు ఆ దూరమును మ్రింగినవి. మంచులోను జారుడు నేల మీదను రెండు మోటార్లు మేలు చేయును, అది నిజమే. కాని డాలసులో మంచు పడు దినములు బహు కొద్ది. అతని అక్క హ్యూస్టనులో ఉన్నది. అక్కడికి రమారమి 240 మైళ్లు. రోడ్డు మీది చార్జింగు స్థలములలో సాధారణముగా ఎనబది వంతులవరకే నింపుదురు, ఆ మీదట నింపుట నెమ్మదించును గనుక. 304లో ఎనబది వంతులు 243. 270లో ఎనబది వంతులు 216. ఈ లెక్క పెద్దాయన తానే కాగితము వెనుక వేసెను. "అయితే ఐదు సెకండ్లు ఎవరికోసమండీ? వెనకాల వాళ్లమ్మ కూర్చుని ఉంటుందిగదా" అనెను. నేను జవాబు చెప్పలేదు.

మూడవది వాగ్దానములు. అమెరికాలో బ్యాటరీకి ఆ కంపెనీ పదేండ్లు లేక 1,00,000 మైళ్లు, ఏది ముందు వచ్చిన అది, హామీ ఇచ్చుచున్నది. ఇది కొలత కాదు, పరీక్ష కాదు. బ్యాటరీ పదేండ్లు కొత్తదానివలె ఉండునని దాని అర్థమును కాదు. చెడిన యెడల తాము బాధ్యులమని ఒకరు మాట ఇచ్చుచున్నారు. వాగ్దానమును తూచుటకు అంకెలు చాలవు; షరతులు చదువవలెను, మాట యిచ్చినవారు నిలుచువారో కారో చూడవలెను.

క్షేమమును గూర్చిన నక్షత్రముల విషయమును చూచితిమి. యూరపులో 2023లో జరిగిన పరీక్షలలో ఈ వాహనమునకు అయిదు నక్షత్రములు వచ్చినవి. ఆ పరీక్షలో లోపలనున్న పెద్దలకు ఒక లెక్క, పిల్లలకు ఒక లెక్క, రోడ్డున నడచువారికిని సైకిలు మీద పోవువారికిని వేరొక లెక్క, ప్రమాదము తప్పించు సాధనములకు ఇంకొక లెక్క వేసిరి. ఇది చదివి సంతోషించితిని. బండిలోనివాని ప్రాణము మాత్రమే గాక బండి ముందు నడచువాని ప్రాణము కూడ ఒక అంకెగా వ్రాయబడినది. రెండున్నర టన్నుల బరువు తన పిల్లలకు కోటగోడ కావచ్చును. ఎదుటివాని పిల్లలకు అది రెండున్నర టన్నుల బరువే. కొనువాడు అయిదు నక్షత్రములను చూచి ఊరకుండక ఆ మూడవ లెక్కను కూడ అడిగి చదువవలెను.

ఇంతవరకు వచ్చునప్పటికి చీకటిపడెను. పెద్దాయన కాగితములు మడిచి జేబులో పెట్టుకొనుచు మెల్లగా ఇట్లనెను: "అన్నీ ఉన్నాయిగానండి, ఆమె ఏ సీట్లో కూర్చుంటుందో ఇందులో లేదు."

ఆయన భార్యకు రెండు మోకాళ్లును అరిగిపోయినవి. గుడి మెట్లు మూడింటిని ఎక్కుటకు ఆమె ఒకరి భుజము పట్టుకొనును. కాగితములో ఏడు సీట్లు అని యున్నది. ముందర రెండు, నడుమ మూడు, వెనుక రెండు. చిన్నపిల్లలిద్దరికిని ప్రత్యేకపు సీట్లు కట్టవలెను గనుక నడిమి వరుస వారికే పోవును. నడుపువాడు ఒకడు, ప్రక్కన భార్య. మిగిలినది కడపటి వరుస. అక్కడికి పోవలెనన్న నడిమి సీటును ముందుకు జరిపి, వంగి, కాలు పైకెత్తి దూరవలెను. ఎవరును చెడుగా తలంచలేదు. అమ్మను ప్రేమించియే ఏడు సీట్ల బండి వెదకిరి. అయినను లెక్క తేలునప్పటికి ఎవరి నిమిత్తము ఆ బండి కొనబడుచున్నదో ఆమెయే అందరికంటె ఇరుకైన చోటికి పోవుచున్నది. ఏడు అను అంకె అబద్ధము కాదు. ఆ ఏడవవారు ఎవరో అది చెప్పదు.

మన రైతులు ఈ సంగతిని ఎరుగుదురు. డి.ఏ.పి. బస్తా మీద 18-46-0 అని అచ్చు వేయుదురు. నూటికి పదునెనిమిది వంతులు నత్రజని, నలుబదియారు వంతులు భాస్వరము, పొటాషు ఏమియు లేదు అని దాని భావము. ఆ అంకె సత్యమే. సత్యము కానియెడల కేసు పెట్టవచ్చును. కాని నీ చేనికి ఏమి కొదువయో బస్తాకు తెలియదు. అందుకు మట్టిని పరీక్ష చేయింపవలెను. పొటాషు లేక ఎండుచున్న చేనిలో రెండు బస్తాలు ఎక్కువ చల్లినందున పంట పండదు. వస్తువును గూర్చిన కాగితము వస్తువు సంగతి చెప్పును. ఇంటి సంగతి ఇంటివాడే వ్రాసికొనవలెను.

అయితే అంకెలు వ్యర్థమా? ఆ మాట నేను అనను. అంకెలు లేని దినములలో అమ్మువాని నాలుకయే కాగితము. "మాంచి బండండీ, కళ్లు మూసుకుని కొనండి" అనినచో కళ్లు మూసికొనినవారు బీదలే. పెద్దాయన ఏడవ తరగతి చదువుతో 304లో ఎనబది వంతులు కట్టగలిగెను. ఆ కాగితము లేనిచో అదియు చేయలేకపోవును. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని మన ప్రభువు చెప్పిన ఉపమానమును మీరెరుగుదురు. లెక్కచూచుటను ఆయన తప్పుపట్టలేదు. అయితే ఆ మనుష్యుడు లెక్కించినది గోపురము ఎత్తును కాదు. దానిని కొనసాగించుటకు తన యొద్ద ఉన్నదానిని. మనము తరచుగా ఎత్తును లెక్కించి కూర్చుండి, లెక్కచూచితిమనుకొందుము.

ఆ రాత్రి పెద్దాయన కుమారునికి ఫోను చేసెను. బండి మంచిదనిగాని చెడ్డదనిగాని చెప్పలేదు. "నాన్నా, అంకెలన్నీ బాగానే ఉన్నాయిరా. నువ్వు షాపుకెళ్లి ఆఖరి సీట్లో ఒక అరగంట కూర్చుని, అప్పుడు నాకు ఫోను చెయ్యి" అనెను. కుమారుడు నవ్వెనట. అయినను శనివారమున భార్యతో కూడ వెళ్లి, ఆమె బండి నడుపగా తాను కడపటి వరుసలో కూర్చుండి నలుబది నిమిషములు తిరిగెను. అతడు పొడగరి. తండ్రికి ఫోను చేసినప్పుడు అయిదు సెకండ్ల మాట ఎత్తలేదు. "అమ్మ అక్కడికి ఎక్కలేదు నాన్నా" అని మాత్రము చెప్పెను.

అప్పుడు కోడలు ఫోను తీసికొని "అత్తయ్యగారు ముందు కూర్చుంటారు మామయ్యగారూ, నేను వెనక కూర్చుంటాను" అనెను. పెద్దాయన ఈ మాట నాతో చెప్పి సంతోషించుచుండగా నేను ఒక ప్రశ్న అడిగితిని. ఇరుకు ఒకరినుండి ఒకరికి మారినదే గాని పోయినదా? అత్తకు తప్పిన కడపటి సీటు కోడలికి శాశ్వతమగుట న్యాయమా? ఆయన కొంతసేపు ఊరకుండి, "అదీ నిజమే అయ్యగారూ" అనెను. మరల ఫోను చేసెనో లేదో నేను అడుగలేదు. కొన్నాళ్లకు ఒక మోటారు గల తక్కువ ధర రకమునే కొనిరని మాత్రము విన్నాను.

మీరు ట్రాక్టరు కొనినను, ఆటో కొనినను, కుమార్తె చదువునకు కళాశాల వెదకినను, చేతికి ఒక కాగితము వచ్చును. దానిని చదువుడి, సిగ్గుపడక చదివించుకొనుడి. ఏది కొలత, ఏది పరీక్ష, ఏది వాగ్దానమో వేరుచేయుడి. పరీక్ష అయిన యెడల ఏ ప్రశ్నకు అది జవాబో అడుగుడి. ఆ తరువాత కాగితము బోర్లించి, వెనుకనున్న తెల్లని చోట మీ యింటివారి పేర్లు వ్రాయుడి. అందరికంటె తక్కువ మాటలాడువారి పేరు మొదట వ్రాయుడి. ఈ వస్తువులో వారి చోటు ఏది అని వ్రేలు పెట్టి చూపగలిగిన యెడల కొనుడి. చూపలేని యెడల ఎంత మంచి అంకెయైనను ఇంకొక దినము ఆగుడి.

ఆరు నెలలైన పిమ్మట ఆ దంపతులు తిరిగివచ్చిరి. ఆరాధన ముగిసినప్పుడు మెట్ల యొద్ద ఆమె భుజము పట్టుకొనుటకు ఎవరో ఒకరు వచ్చువరకు నిలిచియుండెను. నేను దగ్గరకు పోయి బండి ఎట్లున్నదని అడిగితిని. దాని పేరు ఆమెకు జ్ఞాపకము లేదు. అది ఎన్ని మైళ్లు పోవునో తెలియదు.

"హ్యూస్టన్ పోయేటప్పుడు నేను ముందు కూర్చున్నానయ్యగారూ, మావాడు నడిపాడు, కోడలు వెనకాల కూర్చుంది. వచ్చేటప్పుడు కోడలు నడిపింది. వాడు ఆ వెనకాల ముడుచుకుని కూర్చున్నాడు, పిల్లలంతా ఒకటే నవ్వు" అనెను.